పాపాయమ్మ తలుపు జప్తు

పాపాయమ్మ ఇంటి తలుపు పోయింది శుక్రవారం నాడు, సరిగ్గా దీపాలు పెట్టే వేళ. ఆ వేళప్పుడు వీధి తలుపు బార్లా తెరిచి ఉంచితే లక్ష్మీదేవి వస్తుందని అత్తగారు నేర్పిన అలవాటు. పాతికేళ్లుగా రోజూ తెరుస్తూనే ఉంది. లక్ష్మీదేవి సంగతేమో గానీ, ఆ రోజు మాత్రం గుడివాడ నుంచి ఫైనాన్సు కంపెనీ మేనేజరు యుగంధర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో తోలు సంచి. వెనకాల ఇద్దరు కూలీలు, రోడ్డు మీద ట్రాలీ ఆటో.

“బాగున్నారా పిన్నిగారూ?” అంటూ గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. మర్యాద తెలిసిన మనిషి. మంచినీళ్లడిగి తాగాడు. మూడు వాయిదాలు తప్పాయని, పైవాళ్లు రోజూ ఫోన్లో తన మీద అరుస్తున్నారని, తనకీ ఇద్దరు పిల్లలున్నారని చెప్పుకొచ్చాడు. వింటూ వింటూ పాపాయమ్మకి జాలేసింది. అప్పు తనది, జాలి పడేది అప్పు వసూలుకొచ్చినవాడి మీద! ఏం మనిషండీ ఈవిడ!

ఆ తర్వాత అతను ఇల్లంతా కలయజూశాడు. అసలు అప్పు ఇచ్చింది ఐసు పెట్టె కోసం కాబట్టి ముందు దాని మూత తీశాడు. తీసినంత వేగంగానూ వేసేశాడు. ఐదు నిమిషాల దాకా మళ్లీ ముక్కుతో గాలి పీల్చలేదు. టీవీ లేదు. మంచానికి ఒక కోడు కింద ఇటుక ఉంది. గిన్నెలన్నీ సొట్టలు. చివరికి అతని చూపు తలుపు మీద పడింది.

“మీరేమీ అనుకోనంటే, తలుపు తీసుకెళ్తానండీ. వాయిదాలు కట్టేసి పట్టుకెళ్దురు గాని.”

మీరో నేనో అయితే వీధిలోకొచ్చి పాలెం అంతా పోగయ్యేలా కేకలు పెట్టేవాళ్లం. పాపాయమ్మ ఏం చేసిందో వినండి. “జాగ్రత్త బాబూ, కింద మేకుంది, చొక్కా చిరిగిపోద్ది,” అంది. బందుల్లోంచి తలుపు ఎత్తేటప్పుడు కూలీల్లో ఒకడు బరువుకి తూలాడు. అయ్యో పాపమని తనే వెళ్లి రెండో కొస పట్టుకుని ఆటో దాకా మోసింది. యుగంధర్ రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. ఆటో మలుపు తిరిగాక వెనక్కి తిరిగి చూసుకుంటే ఇంటికి తలుపు లేదు.

బందరు రేవు దగ్గర పాలెంలో పుట్టి, ఆ పాలెంలోనే కాపురానికొచ్చిన పాపాయమ్మకి ఎవరి మొహం మీదా ‘లేదు’ అనడం చేతకాదు. తెల్లారకముందే రేవులో వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని, మొదటి బస్సులో గుడివాడ వెళ్లి వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. కొసరు అడిగితే వేస్తుంది. కొసరు మీద ఇంకో కొసరడిగితే నవ్వుతూ అదీ వేస్తుంది. ఎన్నికలప్పుడు ముగ్గురికి మాటిచ్చి, ఎవరికీ అన్యాయం చెయ్యకూడదని మూడు గుర్తుల మీదా ముద్ర వేసొచ్చింది. అంతటి మొహమాటం. యుగంధర్ మొదటిసారి గుడివాడ బజారులో ఆపి, “ఎనిమిది వేలిస్తామండీ, నెలకి ఐదొందల చొప్పున ఇరవై నెలలు కట్టండి, ఐసు పెట్టె కొనుక్కోండి,” అన్నప్పుడు కూడా, ఆమెకి అవసరమై కాదు, కాదనలేక తీసుకుంది.

తీసుకున్నాక మాత్రం ఒళ్లు వంచి కట్టింది. పద్నాలుగు వాయిదాలు, తేదీ తప్పకుండా. రెండువేల రెండు వేసవిలో వేట నిషేధం వచ్చింది. నలభై అయిదు రోజులు బోట్లన్నీ రేవులో కట్టేశారు. చేప లేదు, గంప లేదు, వాయిదా ఎక్కడ నుంచి వస్తుంది? నిషేధం ఎత్తేశాక తుఫాను హెచ్చరికలని ఇంకో పదిరోజులు పోయాయి. అలా మూడు వాయిదాలు తప్పాయి. అంతే ఆమె చేసిన నేరం.

ఇంతకీ ఆ తలుపు బజారులో కొన్నది కాదు. మొగుడు అంకమ్మరావు నాటు పడవ పగిలిపోతే, దాని పలకలు కోయించి చేయించాడు. పడవ పేరు కనకమహాలక్ష్మి. కోతలో సగం పేరు పోయి ‘కనకమహా’ దాకా మిగిలింది, అదీ తలకిందులుగా. అంకమ్మరావు ఇప్పుడు వేరేవాళ్ల మరబోటు మీద కూలి. సముద్రంలోకి వెళ్తే పది రోజులు, ఇంటికొస్తే రెండు రోజులు.

తలుపు పోతే ఏముందిలే అనుకుంటారు. తలుపు లేని ఇంటికి తాళం ఎక్కడ వేస్తారు? తాళం వెయ్యని ఇల్లు వదిలి గుడివాడ ఎలా వెళ్తుంది? పాపాయమ్మ ఇంటికి కట్టుబడిపోయింది. అలవాటు చొప్పున తెల్లారకముందే లేచి, గంప తీసి, తాళంకప్ప పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడేది. మళ్లీ లోపలికి వెళ్లి కూర్చునేది. పాత చీర అడ్డం కడితే రేవు గాలికి జెండాలా ఎగిరేది. కుక్కలు వచ్చి వంటింట్లో పడుకునేవి. దారిన పోయేవాళ్లు మొహమాటానికైనా ఆగి, “ఏం వండావు వదినా?” అంటూ లోపలికి తొంగిచూసేవారు. ఏమీ వండని రోజున ఆ ప్రశ్నకి జవాబేముంటుంది?

ఆరో రోజు రాత్రి అంకమ్మరావు దిగాడు. చీకట్లో తలుపు తట్టబోతే చెయ్యి గాల్లోకి పోయి, మనిషి బోర్లా ఇంట్లో పడ్డాడు. పడ్డచోటే లేచి కూర్చుని, “తలుపేదే?” అన్నాడు. చెప్పింది. ఆలోచించాడు. ఆలోచించి ఆలోచించి, “సరే, నేనున్నాను కదా,” అని గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. రెండు రోజులూ అదే పని. వచ్చేవాళ్లు అతన్ని దాటుకుని వచ్చి, దాటుకుని వెళ్లారు. తలుపుగా అతను పెద్ద గట్టివాడేమీ కాదు, గురక పెట్టేవాడు. కానీ పాపాయమ్మకి ఒక పూట బయటికి వెళ్లే వీలు దొరికింది.

వెళ్లింది. ఆ రోజు శుక్రవారం. గడపకి పసుపు రాసి బొట్లు పెట్టి, తలుపుకి కూడా బొట్టు పెట్టడం ఆమెకి ఆనవాయితీ. గడప ఇంట్లో ఉంది, తలుపు గుడివాడలో ఉంది. ఏం చేస్తుంది పాపం? గడప పని ఇక్కడ ముగించి, కుంకుమ భరిణె, పసుపు గిన్నె చెంగున కట్టుకుని బస్సెక్కింది.

గుడివాడలో కంపెనీ ఆఫీసంటే మేడ మీద ఒక్క గది. పాపాయమ్మ తలుపు కోసం చుట్టూ చూసింది. గోడకి నాలుగు తలుపులు ఆనించి ఉన్నాయి, అవి వేరేవాళ్లవి. తనది ఏదంటే, ఎత్తైన రెండు డబ్బాల మీద పరిచి, యుగంధర్ దాన్ని బల్లగా వాడుకుంటున్నాడు! పైన రిజిస్టర్లు, ఫోను, సగం తాగిన టీ గ్లాసు. డిపాజిట్టు కట్టడానికొచ్చిన పెద్దమనిషి ఒకడు సరిగ్గా ‘కనకమహా’ మీద నోట్లు లెక్కపెడుతున్నాడు.

“ఒక్క నిమిషం బాబూ,” అని పాపాయమ్మ ఫోను పక్కకి జరిపింది. రిజిస్టర్లు ఎత్తి యుగంధర్ ఒళ్లో పెట్టింది. టీ గ్లాసు పెద్దమనిషి చేతికిచ్చింది. తడిగుడ్డతో తలుపు తుడిచి, పసుపు రాసి, వరసగా బొట్లు పెట్టి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. పెద్దమనిషి ఏమనుకున్నాడో, తనూ లేచి చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. యుగంధర్ రిజిస్టర్లు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

అప్పుడు అడిగింది. “తలుపిస్తే చేపలమ్ముకుని వాయిదాలు కడతాను బాబూ.”

“కట్టెయ్యండి, తలుపిచ్చేస్తానండీ.”

“కట్టాలంటే చేపలమ్మాలి కదా. అమ్మాలంటే ఇల్లు వదలాలి కదా. వదలాలంటే తలుపుండాలి కదా.”

“ఉండాలంటే కట్టాలి కదండీ,” అన్నాడు యుగంధర్ చాలా బాధగా. ఆ బాధ నటన కాదు. కాఫీ తెప్పిస్తానన్నాడు కూడా.

మెట్లు దిగి వస్తుంటే కింద వెంకటాద్రి గారు ఎదురయ్యారు. గుడివాడ కోర్టులో ముప్ఫై ఒక్క ఏళ్లు అమీనాగా పనిచేసి రిటైరైన మనిషి. డిక్రీలు పట్టుకుని ఊళ్లు తిరిగి, అప్పులవాళ్ల సామాన్లు జప్తు చేయడమే ఆయన ఉద్యోగం. పాపాయమ్మ దగ్గర పదిహేనేళ్ల ఖాతాదారు. వారం రోజులుగా చేప లేక, ఇంట్లో వంకాయలు తిని తిని, బజారంతా ఆమె కోసం గాలిస్తున్నారు.

“గంపేదీ? పండుగప్పేదీ? చచ్చానే నీ కోసం!”

“తలుపు లేదండీ,” అంది పాపాయమ్మ. ఆ మాటకి అర్థం తెలియక ఆయన కాసేపు జుట్టు పీక్కున్నారు. తర్వాత మొత్తం చెప్పించుకున్నారు. వింటున్నకొద్దీ ఆయన మొహం ఎర్రబడింది. పాపాయమ్మ మీద జాలితో అనుకునేరు. కాదు. జప్తు చేసిన పద్ధతికి ఆయనకి ఒళ్లు మండింది.

“దావా వేశాడా? డిక్రీ ఉందా? కోర్టు కాగితం చూపించాడా?”

“పెన్నులు చూపించాడండీ.”

“ఏ వేళప్పుడు వచ్చాడు?”

“దీపాలేళ.”

“పొద్దుగూకాక!” ఆయన నడిబజారులో అరిచారు. “ముప్ఫై ఒక్క ఏళ్లలో పొద్దుగూకాక ఒక్క కొంప గడప తొక్కలేదు నేను! చట్టం ఒప్పుకోదు. కోర్టు పంపినవాడికే లేని అధికారం ఈ రెండు పెన్నులవాడికెక్కడిది? సాక్షులుగా పంచులున్నారా? లిస్టు రాశాడా? రసీదిచ్చాడా? అసలు గుమ్మానికున్న తలుపు ఇంట్లో భాగమే, అది ఊడబీకడం జప్తు ఎలా అవుతుంది? దొంగతనం అంటారు దాన్ని!”

“నేను బాకీ ఎగ్గొడతాననలేదండీ.”

“ఎగ్గొట్టమని ఎవడన్నాడు? బాకీ బాకీయే, కట్టాల్సిందే. ఇవ్వకపోతే వాడు కోర్టుకెళ్లాలి. నీ కొంప మీదకి కాదు. ఇంతకీ, నువ్వు అడ్డం పడ్డావా? వద్దన్నావా?”

పాపాయమ్మ తల దించుకుంది. “రెండో కొస పట్టుకున్నానండీ. పాపం కుర్రాడు తూలుతుంటే.”

వెంకటాద్రి గారు అక్కడున్న కిళ్లీ కొట్టు బల్ల మీద కూలబడ్డారు. “ఇష్టపూర్వకంగా ఇచ్చిందంటాడు,” అన్నారు చివరికి. “నువ్వు ఒక్క పని చెయ్యాలి పాపాయమ్మా. సోమవారం వాడి మొహం మీద, నా ఎదురుగా, కాదు అనాలి. నోటీసు నేను రాస్తాను. ఆ ఒక్క మాట మాత్రం నేననలేను.”

ఆమెకి అప్పు కంటే అదే పెద్ద బరువైంది. మూడు రోజులు ఇంట్లో కూర్చుని ‘కాదు’ అనడం నేర్చుకుంది. కుక్కని అంది, గిన్నెల్ని అంది. శనివారం బోటెక్కబోతున్న మొగుడు, “చింతపండు పచ్చడుందా?” అనడిగితే, “కాదు!” అంది. అంకమ్మరావు హడలిపోయి వెళ్లిపోయాడు.

సోమవారం మళ్లీ పాత చిక్కే. తలుపుగా పడుకోవడానికి మొగుడు లేడు. ఇల్లు వదలడమెలా? పాపాయమ్మ బుర్ర వాడింది. ఇంటిని వదలకుండా ఇంటితోనే వెళ్లింది. గిన్నెలు, కిరసనాయిల్ స్టవ్వు, చాప, దుప్పట్లు, రెండు చీరలు, దేవుడి పటాలు, గోడ గడియారం, కాళ్లు కట్టిన కోడిపెట్ట, అన్నీ ఐసు పెట్టెలో, గంపలో సర్ది బస్సెక్కించింది. కండక్టరు లగేజీ చార్జీ అడిగాడు. “కాదు,” అంది నేర్చుకున్న ఊపులో. అతను బిత్తరపోయి టిక్కెట్టు ఒక్కటే కొట్టాడు.

ఆఫీసులో ఈ సామానంతా దించేసరికి యుగంధర్ లేచి నిలబడ్డాడు. “ఇవన్నీ జమ చేస్తున్నారా పిన్నిగారూ? ఇంత అక్కర్లేదండీ,” అంటూ గడియారం వైపు చూశాడు.

“ముట్టుకోకు!” వెంకటాద్రి గారు గుమ్మంలోంచే గద్దించారు. ఆయన పాత కోర్టు కోటు వేసుకొచ్చారు, భుజాల దగ్గర బిగుతైపోయింది. చూపుడు వేలితో ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టారు. “వంట గిన్నెలు, కోర్టు కూడా ముట్టుకోదు. పడుకునే బట్టలు, ముట్టుకోదు. కట్టుకునే చీరలు, ముట్టుకోదు. మెడలో మంగళసూత్రం, చచ్చినా ముట్టుకోదు. డిక్రీ చేతిలో ఉన్న నేనే ముట్టుకోలేదు.” కోడిపెట్ట దగ్గరకొచ్చేసరికి ఒక్క క్షణం తటపటాయించారు. “దీని సంగతి చూడాలి,” అని ముందుకెళ్లారు.

తర్వాత నోటీసు చదివారు. కోర్టు ఉత్తర్వు లేకుండా, పొద్దుగూకిన తర్వాత, రసీదు లేకుండా తీసిన తలుపు వెంటనే తిరిగివ్వకపోతే పోలీసు స్టేషనులో ఫిర్యాదు, కోర్టులో కేసు. స్టేషనుకీ, కోర్టుకీ నకళ్లు సిద్ధంగా ఉన్నాయన్నారు. యుగంధర్ మొహంలో రంగు పోయింది. కానీ మర్యాద పోలేదు. తోలు సంచిలోంచి ఒక కాగితం తీసి, ఇంకు పెట్టె మూత తెరిచి, పాపాయమ్మ ముందు పెట్టాడు.

“మీరు ఇష్టపడే ఇచ్చారు కదండీ. మీరే మోశారు. మీలాంటి మంచి మనిషి కాబట్టి అడుగుతున్నా. ఇష్టపూర్వకంగా అప్పగించానని ఒక్క వేలిముద్ర వేస్తే, నా ఉద్యోగం నిలబడుతుంది పిన్నిగారూ. కాఫీ తెప్పిస్తాను.”

అబ్బ, ఎంత మెత్తగా అడిగాడనీ! పాపాయమ్మ బొటనవేలు తనంతట తనే లేచి ఇంకు పెట్టె దాకా వెళ్లింది. వెంకటాద్రి గారు కళ్లు మూసుకున్నారు. గదిలో కోడిపెట్ట ఒక్కటే చప్పుడు చేస్తోంది. వేలు ఇంకు మీద ఆగింది. పాపాయమ్మ దాన్ని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కుంది.

“వెయ్యనండీ,” అంది.

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నీ కూలీ కుర్రాడు తూలాడని పట్టుకున్నా బాబూ, ఇచ్చానని కాదు. నేనివ్వలేదు. నా తలుపు నువ్వే పట్టుకెళ్లావు. నువ్వే తెచ్చి, పట్టపగలు, అందరూ చూస్తుండగా బిగించు. వాయిదాలు కడతాను, రసీదు తీసుకుని కడతాను. వేలు మాత్రం వెయ్యను.”

యుగంధర్ ఇంకు పెట్టె మూసేశాడు. వెంకటాద్రి గారు కళ్లు తెరిచి, గోడకానించిన మిగతా నాలుగు తలుపుల వైపు చూపించి, “వీటి చిరునామాలు కూడా రాయి నాయనా,” అన్నారు.

మర్నాడు పది గంటలకి ట్రాలీ ఆటో పాలెంలోకి వచ్చింది. యుగంధర్ కూలీల్ని తేలేదు, ఖర్చు తనదే కాబట్టి. చొక్కా చేతులు మడిచి తనే దింపాడు. పాలెంలో రేవుకి వెళ్లనివాళ్లంతా పోగయ్యారు. వెంకటాద్రి గారు ఇద్దరు పంచుల్ని నిలబెట్టి, ‘పసుపు రాసిన, టీ మరకగల పడవ పలకల తలుపు ఒకటి’ అని రాయించారు. యుగంధర్ అరగంట తంటాలు పడి బందుల్లో కూర్చోబెట్టాడు. ఒకసారి తూలాడు కూడా. పాపాయమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

పని అయ్యాక అతను చెమట తుడుచుకుని, “ఇంకేమీ కోపం లేదు కదండీ?” అన్నాడు.

పాపాయమ్మ అతని వైపు తిరిగింది. “తలుపు తెచ్చావు బాబూ. పదిరోజులు నా పొయ్యి వెలిగిందో లేదో ఈ వీధి వీధంతా చూసింది. చీర మార్చుకోవాలంటే మంచం నిలబెట్టుకుని దాని చాటున మార్చుకున్నా. రాత్రి కుక్క దగ్గినా లేచి కూర్చున్నా. మూడు వాయిదాలకి అంత వడ్డీ ఉంటదా?”

యుగంధర్‌ చెప్పులు వేసుకుని ఆటో ఎక్కాడు.

వీధంతా ఇంకా నిలబడే ఉంది. వెంకటాద్రి గారు పండుగప్ప గురించి అడగాలని ఒక అడుగు ముందుకేశారు. ఆ పాలెంలో పట్టపగలు మనిషి లోపలుండగా వీధి తలుపు వేసుకున్నవాళ్లు లేరు, ఎవరైనా చనిపోతే తప్ప. పాపాయమ్మ లోపలికి వెళ్లింది. అందరూ చూస్తుండగా తలుపు దగ్గరగా వేసింది. లోపల గడియ పెట్టిన చప్పుడు వినబడింది. వెంకటాద్రి గారు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నారు. “పదండి, పదండి,” అని అందరినీ పంపించి, ఆయన ఎండలో బస్సు స్టాపు వైపు నడిచారు.